రౌతు చూచిన డొంక

ఉదయము గుఱ్ఱమెక్కి చిలకలూరిపేట బజారు దాటునప్పుడు నన్ను పలుకరించువారందఱు నొక్కటే ప్రశ్న యడుగుదురు: “పెళ్లి ఎక్కడండీ?” పూర్వము గుఱ్ఱము కనబడినచో తాసీల్దారుగారో, పోలీసు అధికారియో, జమీందారుగారి బంధువో వచ్చుచున్నాడని జనులు ప్రక్కకు తొలగెడివారు. ఇప్పుడు పెండ్లికొడుకు నూరేగించుటకు దక్క గుఱ్ఱమునకు వేఱొక ప్రయోజనము లోకమునకు తోచకున్నది. పెండ్లి లేదనియు, పొలమునకు బోవుచున్నాననియు చెప్పినచో, అడిగినవాడు నా ముఖము నొకమాఱు, గుఱ్ఱము ముఖము నొకమాఱు చూచి జేబులోనుండి సెల్‌ఫోను తీయును. ఇంతవఱకు నాకంటె గుఱ్ఱమునకే యెక్కువ ఛాయాచిత్రములు తీసిరి. అది న్యాయమే.

పెట్రోలు ఖర్చు మిగులునని నేను గుఱ్ఱమును పెంచుటలేదు. ఉలవల ధర యెఱిగినవా రెవ్వరును అట్టి భ్రమ పెట్టుకొనరు. మోటారుసైకిలు నాకును గలదు. నరసరావుపేటలో కచ్చేరి పని యున్ననాడు దానిమీదనే పోవుదును. కాని పొలము చూచుటకు మాత్రము గుఱ్ఱమునకు సాటియైన సాధనము నాకింకను కనబడలేదు. దానిమీద గూర్చున్నవాని కన్ను నేలకు ఏడెనిమిది అడుగుల యెత్తున నుండును. నిండుగా నెదిగిన ప్రత్తిచేను మీదుగా అవతలి గట్టు కనబడును. నడక గంటకు ఆఱు కిలోమీటర్లకు మించదు. ఎవరైన “ఆగండి” అన్నచో ఆగవచ్చును. ఎవరును అనకున్నను గరిక కనబడిన చోట అదియే యాగును. మోటారుబండి మీద బోవువాడు దారిని చూచును. గుఱ్ఱము మీద బోవువాడు దారికి రెండు ప్రక్కల నున్నదియు చూచును. నాకు చిక్కు వచ్చినది ఈ రెండవ చూపువలననే.

మన భాషలో రైతునకును రౌతునకును నడుమ నున్నది ఒక్క అచ్చు భేదమే. పుట్టుకలు మాత్రము వేఱు. రౌతు సంస్కృతమున రాజపుత్ర శబ్దమునుండి దిగివచ్చినవాడు. రైతు అరబ్బీ నుండి తురకల దొరతనముతో వచ్చిన మాట. దాని మూలార్థము మేపబడు మంద, ఏలుబడిలోని ప్రజ. ఒకడు రాజుగారి బిడ్డ, ఒకడు రాజుగారి మంద. పన్ను విధించువాడు రౌతై, చెల్లించువాడు రైతై, వీరిరువురును శతాబ్దములుగా నొకే డొంకలో నెదురుపడుచు వచ్చిరి.

ఆంగ్ల ప్రభుత్వ మీ సంగతి బాగుగ నెఱుగును. సివిలు సర్వీసు పరీక్షలో లాటిను, గ్రీకు భాషలయందు ప్రథములుగా వచ్చినను, గుఱ్ఱపుస్వారి పరీక్షయందు నెగ్గనివానికి కలెక్టరు పీఠము లేదు. అరవిందఘోషు వ్రాతపరీక్షలన్నియు గెలిచి, 1892లో స్వారి పరీక్షకు హాజరు కాకపోవుటచేతనే ఆ యుద్యోగమునకు దూరమయ్యెను. ఆయన బుద్ధిపూర్వకముగనే పోలేదని పెద్దలందురు. దేశమునకు జరిగిన మేలు అందఱెఱిగినదే. అయినను ఆ నియమములో నొక యర్థము లేకపోలేదు. ఆ కాలపు కలెక్టరు జమాబందికి గ్రామగ్రామము తిరుగవలెను. బండి పోని చోటికి గుఱ్ఱము పోవును. దొర మనవాడు కాడు, వచ్చిన పని మన మేలుకొఱకు కాదు. కాని పొలిమేరలో దిగి, కరణమును వెంటబెట్టుకొని ఏ గట్టు ఎక్కడ నున్నదో కాలితో త్రొక్కి చూచెడివాడు. మనవా రేలుబడికి వచ్చిన పిదప గుఱ్ఱము పోయి జీపు వచ్చినది. జీపు పోయి నల్లటి యద్దముల కారు వచ్చినది. 2024వ సంవత్సరము మార్చి 17వ తేదీన మా యూరి చెంత బొప్పూడి పొలములలో మూడు కక్షల ఎన్నికల సభ జరిగినప్పుడు ప్రధానమంత్రి ఆకాశమార్గమున హెలికాప్టరులో విచ్చేసెను. వచ్చిన జనసందోహము లక్షలలో నుండెను. నేనును చూడబోతిని, గుఱ్ఱమును మాత్రము ఇంటివద్దనే యుంచితిని. అధికారము కూర్చున్న యెత్తు తరతరమునకు పెరుగుచున్నదని ఆనాడు నాకు తోచినది.

ఇక డొంక సంగతి. గోదావరి మండలములలో దీనిని పుంత యందురు, మాకు డొంక. పట్టణవాసులైన చదువరులలో కొందఱు దీని నెఱుగకపోవచ్చును. ఊరినుండి పొలములలోనికి, ఒక యూరినుండి వేఱొక యూరికి, బండ్లు పశువులు పోవుటకై అనాదిగా విడిచిన ప్రభుత్వపు నేల యిది. ఎవ్వరి పట్టాయును కాదు గనుక అందఱిదియు. నల్లరేగడిలో వానకాలము వచ్చినదనిన డొంక యొక్కటే దిక్కు. చేలలో అడుగుపెట్టినచో మన్ను కాలికి పట్టి, అడుగడుగునకు బరువు పెరిగి, పశువైనను మనిషియైనను కూలబడవలసినదే. మా గుఱ్ఱము వంటి జంతువే శ్రావణమాసములో రేగడిలో దిగుటకు చెవులు వెనుకకు వాల్చును. ప్రత్తి తీసిన కూలీలు మూటలతో వచ్చునది డొంకలోనే; ఎండుమిర్చి బస్తాలతో ట్రాక్టరు వచ్చునది డొంకలోనే; పొలమున పాము కఱచినవానిని మోసికొని పరుగెత్తునదియు డొంకలోనే. కోటప్పకొండ తిరునాళ్లకు పురుషోత్తమపట్టణము, కావూరు మొదలగు గ్రామముల ప్రభలు కదలునప్పుడు కరెంటు తీగలు దింపింతుము, కొమ్మలు నఱుకుదుము, దారి యెంత కావలసిన నంత చేయుదుము. ఏడాదికొక దినము దేవునికి గల యీ సౌకర్యము తక్కిన దినములలో మనుష్యులకు లేదు.

రైలు మా పట్టణమునకు రాలేదు. మద్రాసు నుండి కలకత్తా పోవు పెద్దబాటయే మాకు సర్వస్వము. ఐదవ నెంబరుగా నుండి పిదప పదునాఱవ నెంబరైన యా బాటను నాలుగు వరుసలు చేసిరి, ఊరు తప్పించి ప్రక్కబాటయు వేసిరి. దాని వెడల్పులో అంగుళము తగ్గినను గుత్తేదారు సమాధానము చెప్పవలెను. ఆ బాటనుండి చీలి పొలములోనికి దిగిన మఱుక్షణమున వెడల్పునకు లెక్క చెప్పువాడు లేడు.

మా పొలమునకు బోవు డొంక ప్రభుత్వపు కొలత పుస్తకములో యాబది లింకులు. ఈ లింకు లెక్క మూడునాలుగు శతాబ్దముల క్రిందట ఇంగ్లండులో ఎడ్మండు గంటరు అను గణితశాస్త్రజ్ఞుడు కల్పించిన గొలుసుది. గొలుసు పొడవు అఱువదియాఱు అడుగులు, దానికి నూఱు లింకులు. పది చదరపు గొలుసు లొక యెకరము, అందులో నూఱవవంతు మనము వాడు సెంటు. (ఆ గంటరునకు మన గుంటూరునకు సంబంధ మేమియు లేదు. చిన్ననాడు ఉన్నదనియే నేను నమ్మియుంటిని.) కావున యాబది లింకులనగా ముప్పదిమూడడుగులు. రెండు బండ్లు సుఖముగా నొండొంటిని తప్పుకొనవచ్చును. ఇప్పు డందులో నొకచోట పదునాలుగడుగులు మిగిలినది. ఆ పదునాలుగడుగులలో ఎదురుగ ట్రాక్టరు వచ్చినప్పుడు నేను గుఱ్ఱమును వెనుకకు నడిపించుట నేర్పవలసివచ్చినది. వెనుకకు నడచుట గుఱ్ఱమునకు సహజ విద్య కాదు. నేర్పుటకు రెండు నెలలు పట్టినది.

ఒకనాడట్లు వెనుకకు నడపించుచు, దారి నెవ్వడు మ్రింగెనో చూతమని రెండు ప్రక్కల చూచితిని. కుడివైపున మిర్చితోట గలవాడు గట్టును ముందుకు జరిపిన గుర్తు స్పష్టముగ నున్నది. మనస్సులో వానిని నాలుగు మాటలంటిని. పిమ్మట ఎడమవైపు చూచితిని. పాత తుమ్మచెట్టు మొద లొకటి గట్టునకు లోపల, ప్రత్తిసాళ్ల నడుమ నున్నది. ఆ తుమ్మ డొంక ప్రక్కన నుండెడిదని మా తండ్రిగారు చెప్పగా వినియున్నాను. చెట్టు నడచిపోదు గదా, నడచినది గట్టు. ఆ ప్రత్తి నాది.

దిగి టేపు పెట్టి కొలిచితిని. ఆఱడుగులు వెడల్పు, నూఱు గజముల పొడవు. లెక్కకు నాలుగు సెంట్లకు కొంచెము పైన. రెండు సాళ్ల ప్రత్తి. మా తాతగారు జరిపిరో, కౌలుదారు జరిపెనో, ఏటేట నాగలి చాలు తిరుగునప్పుడు తనంతట జరిగినదో చెప్పజాలను. అనుభవించినవాడను మాత్రము నేనే. ఇన్నేండ్లు మోటారుసైకిలు మీద ఆ త్రోవనే పోయితిని గాని, గోతులను చూచుకొనుటతోనే సరిపోయినది.

ఈ మధ్యకాలమున భూముల రీసర్వే అను మహాకార్యము మన రాష్ట్రమున జరుగుచున్న సంగతి చదువరు లెఱిగినదే. 2020 డిసెంబరు 21వ తేదీన కృష్ణామండలములోని తక్కెళ్లపాడులో దాని నారంభించిరి. నూఱేండ్లకు పైబడిన పాత కొలతల స్థానమున డ్రోనులతో చిత్రములు తీసి, ఉపగ్రహముల సాయమున సరిహద్దులు నిర్ణయించుట దీని పద్ధతి. ఇది మిక్కిలి సూక్ష్మమైన కొలత. నేను యంత్రవిరోధిని గాను. గంటరు గొలుసు ఎండకు సాగుచు, లాగువాని చేతిబలమునుబట్టి మాఱుచు నుండెడిది. ఉపగ్రహమునకు లంచమీయ నెవ్వనితరము గాదు. కాని డ్రోను ఆకాశమునుండి చూచునది నేడున్న గట్టును. ఆ గట్టు నిన్న ఎక్కడ నుండెనో దానికి తెలియదు. తుమ్మమొద్దు దానికి నల్లని చుక్క.

అందులకే నేలమీద రైతులను పిలిచి నిజము నిర్ధారించుకొనవలెనని నిబంధన పెట్టిరి. పలుచోట్ల ఆ భాగమే తొందరలో జరిగినది. పలువురి పొలములు ఒకే నెంబరు క్రింద కలిసిపోయెను. విస్తీర్ణము తగ్గినదని అర్జీలు గుట్టలుగా వచ్చెను. ఇది చాలక రాజకీయము ప్రవేశించినది. పాసుపుస్తకములమీదను, సరిహద్దు రాళ్లమీదను నాటి ముఖ్యమంత్రి చిత్రము వేయుటయు, భూమిహక్కుల చట్టము తెచ్చుటయు 2024 ఎన్నికలలో పెద్ద రగడయైనది. కొత్త ప్రభుత్వము వచ్చి ఆ చట్టమును రద్దుచేసినది, బొమ్మలను తొలగింప నారంభించినది. పితృపితామహుల రాతిమీద పాలకుని బొమ్మ యుండుట నాకును రుచింపలేదు. అయినను ఆ రగడ నంతయు విని, రెండు కక్షల ఉపన్యాసములు చదివి, నేను వెదకినది ఒక్క మాట: డొంక. ఎవ్వరును పలుకలేదు. పట్టాభూమికి యజమాని యున్నాడు, ఓటున్నది. డొంకకు రెండును లేవు.

1984లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దయినవి. వంశపారంపర్యపు పెత్తనము పోయినందుకు చింతించువాడను గాను. కరణముగారి కలము పేదవాని నెంత గోసపెట్టినదో ఈ మండలమున తెలియనివారు లేరు. కాని ఏ డొంక యెంతయో ఎఱిగినవాడును ఆయనతోనే పోయెను. 2019లో గ్రామసచివాలయములు వచ్చినప్పుడు గ్రామమునకొక సర్వేయరు వచ్చునని సంతోషించితిమి. వచ్చిన పిల్లలు చదువుకొన్నవారు, చురుకైనవారు. వారిలో నొకనిని డొంక కొలువుమని యడిగితిని. “పైనుంచి చెప్పందే డొంక ముట్టుకోకూడదండీ, గొడవలవుతాయి” అనెను. వాని మీద నాకు కోపము రాలేదు. ఇరువది యైదేండ్లవాడు ఊరిలో నొంటరిగా అద్దెయింట నుండి ఇరుప్రక్కల ఆసాములతో వైరమెట్లు పెట్టుకొనును?

ఇక్కడ గుఱ్ఱముల చరిత్రలోని సంగతి యొకటి చెప్పవలసియున్నది. ఆంధ్రదేశము గుఱ్ఱము పుట్టిన నేల కాదు. మన రాజులు వాని నెల్లప్పుడు సముద్రము దాటించి తెప్పించుకొనిరి. శ్రీనాథుని హరవిలాసములో అవచి తిప్పయసెట్టి తెప్పించిన దూరదేశపు సరకులలో హురుమంజి గుఱ్ఱములు గలవు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినదానిని బట్టి, సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను చచ్చినవి బ్రదికినవి యని చూడక కొనెడివాడట. ఓడలో చచ్చినదాని తోక తెచ్చి చూపిన చాలును, వెల చెల్లును. మన మోటుపల్లి రేవునుగూర్చి వ్రాసిన మార్కోపోలో, దక్షిణమున పాండ్యదేశమునకు ఏటేట వేలకొలది గుఱ్ఱములు దిగుమతియై, ఏడాది తిరుగకమునుపే చాలభాగము చచ్చుచుండెనని చెప్పి, కారణము గూడ చెప్పెను. ఆ దేశమున గుఱ్ఱమునకు వైద్యము చేయువాడు, లాడము కట్టువాడు లేడు. గుఱ్ఱములమ్ము వర్తకులు అట్టివారిని రానీయరు. వారు వచ్చినచో గుఱ్ఱములు బ్రదుకును. బ్రదికినచో మరుసటి యేట బేరము తగ్గును.

వృత్తాంతము ఏడువందల యేండ్లనాటిది. ప్రత్తి విత్తనము, పురుగుమందు, దుక్కియంత్రము కొనిన రైతులకు దీనిని నేను వివరింప నక్కఱలేదు. వస్తువు వచ్చును, దానిని నేలమీద నిలిపి నడుపువాడు మాత్రము రాడు. 1987, 88లలో తెల్లదోమ ప్రత్తిని పీల్చివేసి, ఈ రెండు మండలములలో రైతులు ప్రాణములు తీసికొన్ననాడును మందులకు కొదువలేదు. ఏ మందు ఎప్పుడు మానవలెనో చెప్పువాడే కొఱవడెను. డ్రోనుల సంగతియు నట్లే కాకుండవలెనని నా కోరిక.

మా గుఱ్ఱమునకు లాడములు కట్టునది ఎడ్లకు కట్టి జీవించు నొక వృద్ధుడైన సాయిబు. నెలన్నర కొకమాఱు వచ్చును. “ఎద్దునైతే పడేసి కడతాం బాబూ, గుర్రాన్ని బతిమాలి కట్టాలి” అనును. ఆయన కుమారు లిరువురు నగరములలో డ్రైవర్లు. ఆయన తరువాత ఎవ్వరని యడుగుటకు నాకు నోరాడుటలేదు. 2024 జనవరి 2వ తేదీన లారీల సమ్మెవలన హైదరాబాదులో పెట్రోలు బంకులు మూతబడగా, ఇండ్లకు భోజనము చేరవేయు యువకు డొకడు గుఱ్ఱమెక్కి తిరిగినట్లు పత్రికలలో వచ్చినది. పాడేరు మన్యములో కొండలమీది గ్రామములవారు నేటికిని గుఱ్ఱములమీద సంతసరకులు చేరవేసికొనుచున్నారు. చంచల్‌గూడలో నది వినోదము. మన్యములో నది రోడ్డు లేని కష్టము. ఫోటో వచ్చినది మాత్రము మొదటిదానికే.

తిరిగి నా నాలుగు సెంట్ల దగ్గఱకు వచ్చెదను. 1905 నాటి ఆక్రమణల చట్టమింకను అమలులో నున్నది; పరాయి ప్రభుత్వము చేసినదే మనకు నేటికిని ఆధారము. దాని ప్రకారము అధికారులు నాకు నోటీసు నీయవచ్చును. ఎవ్వరును ఈయలేదు, ఈయబోరు. కావున ప్రత్తి తీత ముగిసిన పిదప ఇద్దఱు మనుష్యులను పెట్టి నేనే గట్టు త్రవ్వించి, తుమ్మమొద్దునకు ఇవతల వేయించితిని. ఎదుటి మిర్చితోట యజమాని వరుసకు నాకు బాబాయి. గట్టుమీద నిలిచి చూచి, “మీ తాతగారి కాలంనాటి గట్టు. గుర్రమెక్కి నువ్వు కనిపెట్టావా, అబ్బాయ్?” అనెను. “మీ వైపు కూడా చూడండి, బాబాయ్” అంటిని. “నా వైపు చూడటానికి నాకు గుర్రం లేదు” అని నవ్వి వెడలిపోయెను. ఇంటిలో నింతకంటె పెద్ద చర్చ జరిగినది. మిర్చి ధర పడిపోయి కేంద్రము 2025 ఫిబ్రవరిలో క్వింటాలునకు 11,781 రూపాయలని మద్దతు ప్రకటింపవలసివచ్చిన యీ దినములలో, చేతనున్న భూమిని దారికి విడుచుట యే శాస్త్రములోనిదని నా భార్య యడిగెను. శాస్త్ర మేదియు నాకు తోచలేదు. డొంకలోనికి మన బండియే ముందు పోవునంటిని. అదియు నంత గొప్ప సమాధానము కాదు.

ఈ చెంతనే యున్న పెదనందిపాడు ఫిర్కాలో 1921, 22లలో రైతులు శిస్తు కట్టమని నిలిచిరి. జప్తుచేసిన వస్తువులను వేలమువేయగా పాడువాడు దొరకలేదు. పర్వతనేని వీరయ్యచౌదరి వెంట నిలిచినవారు భూములు పోవునని తెలిసియు నిలిచిరి. వారి మనుమలము మేము. రెండు సాళ్లకు వెనుకాడుచున్నాము.

సోమవారమునాడు నరసరావుపేట కలెక్టరు కచ్చేరిలో అర్జీల వేదికకు పోయి, డొంక మొత్తమును కొలిపింపవలసినదని కాగితమిచ్చితిని. నా ఆక్రమణ సంగతి మొదటి పేరాలోనే వ్రాసితిని. పుచ్చుకొన్న గుమాస్తా దానిని చదివి, “ఎవరి మీదండీ ఫిర్యాదు?” అనెను. నా మీదను గూడ నన్నచో ఆ గడిలో వ్రాయుటకు కంప్యూటరు ఒప్పుకొనదట. చివఱకు “ఇతరములు” అని నమోదుచేసి నెంబరిచ్చెను. కొలతకు వచ్చు తేదీ ఫోనునకు సందేశముగా వచ్చునని చెప్పిరి. ఇంకను రాలేదు.

ఈలోగా గట్టు వెనుకకు జరిపిన నూఱు గజముల మేర గరిక మొలచినది. ట్రాక్టరు వచ్చినప్పు డచ్చట ప్రక్కకు తొలగుటకు చోటున్నది. వెనుకకు నడువవలసిన పనిలేదు. గుఱ్ఱమునకు గరిక రుచి తెలిసినది. ఇప్పుడు మిర్చితోట మలుపు రాకమునుపే తనంతట నా చోట నిలుచుచున్నది.